కరెంటాయన కుక్క

నేను కాపురానికి వెళ్లేసరికే మా ఆయనకు ఒక తోడు ఉంది. నాలుగు కాళ్ల తోడు. గోధుమ రంగు ఒళ్లు, ఒక చెవి నిటారుగా, ఇంకో చెవి వాలిపోయి, మూతి చుట్టూ అప్పటికే నెరిసిన వెంట్రుకలు. దానికి పేరు లేదు. ఊళ్లో అందరూ కరెంటాయన కుక్క అనేవాళ్లు. మా ఆయన కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్. దమ్మపేట దాటి లోపలికి వెళ్తే అడవి మొదలయ్యే చోట ఒక ఊళ్లో పోస్టింగు. ఆయన్ను కూడా అక్కడ ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఆయన కరెంటాయన, అది కరెంటాయన కుక్క, నేను వెళ్లాక కరెంటాయన భార్యనయ్యాను. వరస చూసుకుంటే కుక్క తర్వాతే నేను.

నాది వైరా దగ్గర పల్లె. కాలవ నీళ్లు, వరి మళ్లు, ఇంటి నిండా మనుషులు. మా పుట్టింట్లో కుక్క అంటే గొడ్ల చావిడి దగ్గర ఉండాల్సిందే. గడప తొక్కిందంటే మా నాయనమ్మ పొయ్యిలో కట్టె తీసుకుని లేచేది. ఇక్కడ చూస్తే ఈ మహాతల్లి మంచం కింద పడుకుంటుంది. కొత్త పెళ్లికూతురు మంచం మీద కూర్చుంటే కింద నుంచి గుర్రుమంటుంది. మొదటి వారంలోనే నాకు చిర్రెత్తుకొచ్చింది. “ఇది ఉంటే నేనుండను” అని మొహం మాడ్చుకుని కూర్చున్నాను. ఆయన నవ్వి, “అది నీకంటే ముందొచ్చింది గదా, కొంచెం ఓర్చుకో” అన్నాడు. ఆ మాటకు ఇంకా మండింది.

పెళ్లికి ముందు ఆయన ఆ కిరాయి ఇంట్లో ఒక్కడే వండుకుని తినేవాడట. వానాకాలంలో అడవిలో చెట్టు కొమ్మ పడి లైను తెగితే, ఎక్కడ తెగిందో చూసుకుంటూ తీగ వెంట నడవాలి. ముందు కుక్క, వెనక ఆయన. పొదలో ఏదైనా మెదిలితే అది ఆగేది, ఆయనా ఆగేవాడు. ఆయన స్తంభం ఎక్కితే అది కింద కూర్చుని, తల పైకెత్తి, దిగేదాకా అలాగే చూసేది. సంతకు పోయే కోయ ఆడవాళ్లు ఆ చూపు చూసి వాళ్ల మాటలో ఏదో అనుకుని నవ్వుకునేవాళ్లట. ఇంటికొచ్చి అన్నం తిన్నాక కంచంలో చివరి ముద్ద దానిది. ఎంత ఆకలి వేసినా, కూర ఎంత బాగున్నా, ఆ ముద్ద ఆయన నోట్లోకి పోయేది కాదు. నేను వెళ్లాక కూడా ఆ పద్ధతి మారలేదు. నేను వండిన అన్నంలో చివరి ముద్ద కుక్కకు పోతుంటే చూస్తూ కూర్చునేదాన్ని.

పక్కింటామెకు ఇదంతా మంచి కాలక్షేపం. బిందె చంకలో పెట్టుకుని మా వాకిట్లో ఆగి, “ఏందే పిల్లా, నీ సవతి ఇయ్యాల అలిగినట్టుంది?” అనేది. నేనూ నవ్వేదాన్ని, లోపల నవ్వు లేకపోయినా.

ఏడాది గడిచేసరికి మేమిద్దరం ఒక రాజీకి వచ్చాం. నేను దాన్ని అదిలించను, అది నన్ను చూసి గుర్రుమనదు. మంచం కింద నుంచి వసారాలోకి మారింది. దాన్ని మార్చడానికి నేను చేసిన యుద్ధం నాకూ దానికీ మాత్రమే తెలుసు. సాయంత్రం అయిందంటే నేను గడపలో, అది అరుగు మీద, ఇద్దరం ఒకే దారి వైపు చూస్తూ ఉండేవాళ్లం. సైకిల్ గంట నాకంటే ముందు దానికే వినబడేది. అది లేచిందంటే నేను పొయ్యి మీద టీ గిన్నె పెట్టేదాన్ని. అంత మాత్రం ఉపయోగం ఉండేది దానితో.

తర్వాత నేను నీళ్లోసుకున్నాను. పురిటికి పుట్టింటికి పోయాను. ఖమ్మం దవాఖానాలో ఆడపిల్ల పుట్టింది. ఐదో నెల వచ్చాక మంచి రోజు చూసి పిల్లతో సహా మా ఆయన దగ్గరికి వచ్చాను. అప్పటికి మా అత్తమ్మ కూడా సత్తుపల్లి వైపు నుంచి వచ్చి ఇంట్లో ఉంది. బియ్యం, కందిపప్పు, ఇంకా వాళ్ల చేలో పండిన ఎండుమిర్చి ఒక గోతం తెచ్చింది. ఆ మిర్చి గురించి ముందుముందు చెప్తాను.

మా అత్తమ్మ గయ్యాళి కాదు. చెయ్యి పెద్దది, నోరూ పెద్దదే, కానీ కడుపులో ఏమీ ఉంచుకోదు. ఒక్క విషయంలో మాత్రం ఆమెతో వాదన పెట్టుకోలేం. పసిపిల్ల అంటే ఆమెకు భయం. నలుగురిని కని, ఇద్దరిని పాలు తాగే వయసులోనే మట్టిలో పెట్టి వచ్చిన మనిషి. “నిన్న నవ్విన పిల్ల తెల్లారి లేవలేదు బిడ్డా. నాకు ఎవలు చెప్పిన్రు ఎందుకు పోయిందో? దిష్టి గాకపోతే ఏంది?” అని ఒకసారి నాతో అంది. ఆ గొంతు విన్నాక నేను ఇంక ఆమె పద్ధతులకు అడ్డు చెప్పలేదు.

ఆమె మొదటి పద్ధతి, కుక్క లోపలికి రాకూడదు. పసిపిల్లకు కుక్క గాలి మంచిది కాదట. రెండోది, బాలింత ఉన్న ఇంట్లో మగవాడు ఎంగిలి కంచం నుంచి కుక్కకు పెట్టకూడదు. చివరి ముద్ద అలా ఆగిపోయింది. మా ఆయన ఒకటి రెండు రోజులు గింజుకున్నాడు గానీ, తల్లి మాట కాదనలేకపోయాడు. అసలు ఆయనకు ఆ రోజుల్లో కుక్క మీద ధ్యాసే తక్కువ. సైకిల్ స్టాండు వేసి, కాళ్లు కడుక్కుని, నేరుగా ఉయ్యాల దగ్గరికి. దూలానికి చీరతో కట్టిన ఉయ్యాల అది. దానిలోకి తల దూర్చి, మీసాలతో పిల్ల బుగ్గ మీద రాసి, అది నవ్వితే ఈయన ఇంత పొడుగు మనిషి గంతులు వేసేవాడు. కుక్క వాకిట్లో తోక ఊపుతూ నిలబడేది. ఊపి ఊపి, ఆ ఊపడం నెమ్మదించి, ఆగిపోయేది. నేను వంటింట్లో నుంచి చూసేదాన్ని.

మూడోది దిష్టి తీయడం. రోజూ పొద్దుగూకే వేళకు మా అత్తమ్మ గుప్పెడు అన్నం తీసుకుని, పసుపు, చిటికెడు సున్నం కలిపి ఎర్రగా చేసేది. అందులో ఉప్పు, దంచిన ఎండుమిర్చి. నన్ను పిల్లను ఎత్తుకుని గడపలో నిలబడమని, “ఇంటోళ్ల కండ్లు, వాడోళ్ల కండ్లు, పోయేటోళ్లయి, వచ్చేటోళ్లయి, అన్నీ కొట్టుకపోవాలె” అంటూ ఆ ముద్దను పిల్ల చుట్టూ తిప్పేది. మా వైరా దగ్గర దిష్టి అన్నం మూడు దారులు కలిసే చోట పారేస్తాం. మా అత్తమ్మ వాళ్ల ఇంట్లో పద్ధతి వేరు. దాన్ని కుక్కకు వేయాలి. కుక్క తింటే దిష్టి తిన్నట్టు. వాసన చూసి వదిలేస్తే దిష్టి ఇంట్లోనే ఉన్నట్టు. అందుకని కుక్క వదలకుండా తినాలని, ముద్దలో కాస్త చేపల పులుసు తగిలించేది. చివరి ముద్ద పోయి రాత్రి తిండి కరువైన కుక్క, ఆ పులుసు వాసనకు ఒక్క గుటకలో మింగేసేది. మా అత్తమ్మ కళ్లలో అప్పుడొక నిశ్చింత కనబడేది. ఇవాళ్టికి గండం గడిచిందన్నట్టు పిల్లకు ముద్దు పెట్టి లోపలికి పోయేది.

పది పదిహేను రోజులకు కుక్క గుర్రుమనడం మొదలుపెట్టింది.

నేను పిల్లను ఎత్తుకుని బయటికి వస్తే చాలు. చెవులు వెనక్కి వాల్చి, పెదవి ఒక పక్కకు ఎత్తి, గొంతు లోపల నుంచి సన్నగా. అది నన్ను చూసి చేసే పాత గుర్రు కాదు. ఆ గుర్రులో బెదిరింపు ఉండేది, కాస్త అలక కూడా ఉండేది. ఇది వేరుగా ఉంది. పిల్లను గుండెలకు అదుముకుని లోపలికి పరుగెత్తాను. “దానికి పిల్ల అంటే కుళ్లు అత్తమ్మా” అన్నాను. పక్కింటామె వచ్చి చూసి ఇంకో మాట అంది.

“కుళ్లు గాదు పెద్దమ్మా, దాని కండ్లు చూసినవా ఎట్ల పెట్టిందో పిల్ల మీద? ఊరోళ్ల దిష్టి సంగతి దేవుడెరుగు, ముందు ఆ కుక్క దిష్టే తగులుతది మీ పిల్లకు.”

ఇంకేముంది. మా అత్తమ్మ ఆ రోజు నుంచి కారం రెట్టింపు చేసింది. ఎవరి దిష్టి వాళ్లకే తినిపించాలని ఆమె లెక్క. కుక్క ఎంత గుర్రుమంటే ముద్దలో అంత కారం. ముద్దలో ఎంత కారం పడితే మర్నాడు అంత గుర్రు. ఇది ఒకదాని వెంట ఒకటి తిరుగుతోందని అప్పుడు మాకెవరికీ తోచలేదు. దాన్ని వాకిట్లో నీళ్ల తొట్టి పక్కన గుంజకు కట్టేశాం. కట్టేసిన కుక్కకు కోపం పెరుగుతుందే గాని తగ్గుతుందా?

ఆ మధ్య ఒక ఆదివారం మా ఆయన ఇంట్లో ఉన్నాడు. తాడు విప్పి కాసేపు తిరగనిచ్చాడు. అరుగు మీద నులకమంచం వేసుకుని, పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆడిస్తున్నాడు. కుక్క మెల్లగా వచ్చి, అంతకుముందు ఎప్పుడూ పెట్టినట్టే, ఆయన మోకాలి మీద తల పెట్టింది. ఆయన పిల్ల మీద భయంతో దాన్ని కాలితో పక్కకు నెట్టాడు. గట్టిగా కాదు. అది ఒక అడుగు వెనక్కి వేసి, గుర్రుమని, పిల్ల వేసుకున్న చొక్కా అంచు పట్టి లాగింది. పన్ను తగల్లేదు. చొక్కా చిరిగింది, అంతే. కానీ పిల్ల కెవ్వున ఏడ్చింది, నేను కెవ్వున అరిచాను, మా అత్తమ్మ గుండె బాదుకుంది. వీధిలో వాళ్లంతా వచ్చారు. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ సూదులు వేస్తారని, పసిది తట్టుకోలేదని, తలా ఒక మాట.

మా ఆయన కుక్కను గుంజకు కట్టి, వచ్చి నా పక్కన కూర్చుని, చిరిగిన చొక్కా చేతిలోకి తీసుకుని చూశాడు. “గురువారం పోల్స్ లారీ వస్తది. మనూళ్లె స్తంభాలు దింపి భద్రాచలం పోతది. డ్రైవర్‌కు చెప్త. వంతెన దాటినంక ఆడ ఎక్కడన్న వదిలిపెడతడు” అన్నాడు. గోదావరి అవతల దింపితే తిరిగి రాలేదని ఆయన లెక్క. నేను సరేనన్నాను. నిజం చెప్పాలంటే, నాకు ఒక బరువు దిగినట్టే అనిపించింది. ఏ తల్లికైనా అంతే. ముసలి కుక్క కొత్త ఊళ్లో అక్కడి కుక్కల మధ్య ఎన్నాళ్లు బతుకుతుందన్న ఆలోచన వచ్చింది గానీ, దాన్ని పక్కకు నెట్టేశాను.

మంగళవారం నాడు మా ఆడబిడ్డకు జ్వరమని కబురొస్తే మా అత్తమ్మ బయల్దేరింది. బస్సెక్కే ముందు కూడా, “పొద్దుగూకంగ దిష్టి తీసుడు మర్వకు బిడ్డా. కారం మంచిగ ఎయ్యి, జాలి పడకు” అని రెండుసార్లు చెప్పింది.

చెప్పినట్టే చేశాను. ముద్ద కలిపాను. పుట్టింట్లో మిరప కోతలు ఎరిగినదాన్ని, కారం నాకు కొత్త కాదు. అయినా ఆ మిర్చి ఘాటుకు తుమ్ములొచ్చాయి. పిల్లను ఒక చేత్తో చంకనెత్తుకుని, ఇంకో చేత్తో ముద్ద తిప్పి, కుక్క ముందు వేశాను. అది పిల్లను చూసి ఎప్పటిలాగే గుర్రుమంది. ముద్దను చూసి తల తిప్పుకుంది. తర్వాత ఆకలి ఆగక తినేసింది. నేను లోపలికి వచ్చి పిల్లను ఉయ్యాల్లో వేశాను. పిల్లను మాత్రం ఎడమ చేత్తోనే పట్టుకున్నాను, ఆ జాగ్రత్త ఉంది. నా మీద నాకు ఏ జాగ్రత్తా లేదు. నొసటి మీద పడ్డ జుట్టు తోసుకోబోయి, కుడి చేత్తోనే కన్ను రుద్దుకున్నాను.

కంట్లో నిప్పు పోసినట్టయింది. కళ్లు కనబడక, గోడ పట్టుకుని, అమ్మో అయ్యో అంటూ వాకిట్లో నీళ్ల తొట్టి దగ్గరికి పరుగెత్తి తల ముంచాను. దోసిళ్లతో నీళ్లు కొట్టుకుంటున్నాను. పక్కన చప్ చప్ మని చప్పుడు. ఎర్రబడ్డ ఒక కన్ను తెరిచి చూస్తే, నా మొహానికి జానెడు దూరంలో కుక్క మొహం. తాడు అందినంత దూరం లాక్కుని, మూతి మొత్తం నీళ్లలో పెట్టి తాగుతోంది. తాగడం కూడా కాదు, నాలుక నానబెడుతోంది. తీసి, దగ్గి, మళ్లీ పెడుతోంది. నన్ను చూసి గుర్రుమనలేదు. నేనూ దాన్ని ఛీ అనలేదు. ఇద్దరికీ అంత తీరిక లేదు.

కన్ను కాస్త చల్లబడ్డాక ఆ తొట్టి అంచునే కూర్చుండిపోయాను. ఒక్కరోజు ఒక్క కంటికి తగిలితేనే నాకు లోకం కనబడలేదు. దీనికి రోజూ ఇదే కదా అనుకున్నాను. రోజూ పొద్దుగూకేసరికి ఒక మనిషి ఈ పిల్లను ఎత్తుకుని గడపలోకి రావడం, ఆ వెంటనే దీని నోట్లో నిప్పు పడడం. మనకంటే దిష్టి, గండం, ఊరోళ్ల కళ్లు అని సవాలక్ష ఉన్నాయి. దానికి తెలిసింది ఒక్కటే. ఆ పిల్ల కనబడిందంటే నోరు కాలుతుంది. కుళ్లు లేదని కాదు, ఉంది. ఆయన ఒడి పోయింది, చివరి ముద్ద పోయింది, ఇంట్లో చోటు పోయింది, ఎందుకు కుళ్లుకోదు? కానీ ఆ కుళ్లుకు మేమే రోజూ కారం కలిపి తినిపిస్తున్నాం. నాకు ఏడుపొచ్చింది. కన్ను ఎలాగూ కారుతోంది, ఆ నీళ్లతో కలిసిపోయింది.

మా ఆయన రాగానే చెప్పబోయాను. “దాని ముచ్చట నాకు చెప్పకు ఇంక. ఎల్లుండి లారీ వస్తది” అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అన్నం కూడా సరిగా తినలేదు. ఆయనకు బాధ లేదని అనుకునేంత గుడ్డిదాన్ని కాను.

మర్నాడు నా పని నేను మొదలుపెట్టాను. పిల్లను చంకనెత్తుకుని, తాడు అందనంత దూరంలో నిలబడి, పెరుగన్నం ముద్ద వేశాను. గుర్రుమంది. ముద్దను చాలాసేపు వాసన చూసింది. నాలుకతో ఒక్క మెతుకు తీసుకుని ఆగింది, మంట ఎప్పుడు మొదలవుతుందా అన్నట్టు. మొదలవలేదు. తినేసింది. మధ్యాహ్నం మళ్లీ అలాగే, పిల్లతోనే. సాయంత్రం మళ్లీ. దిష్టి తీయడం మానలేదు. అత్తమ్మకు మాటిచ్చాను కదా. ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశాను. ఆ రాత్రి గుర్రు ఉంది గానీ, ముద్ద కనబడగానే మధ్యలో ఆగిపోయింది. ఒక్క రోజులో మారిపోతుందా? అయినా నాకు చాలు.

గురువారం లారీ వచ్చింది. ఊరి చివర స్తంభాలు దింపి, మా ఇంటి ముందు ఆపి, డ్రైవరు దిగి బీడీ వెలిగించాడు. “యాడుందన్నా కుక్క? జల్దీ ఎక్కించు, చీకటి పడకముందే వంతెన దాటాలె” అన్నాడు. మా ఆయన గుంజ దగ్గరికి వెళ్లి తాడు విప్పాడు. చాలా రోజుల తర్వాత దాన్ని వెంటబెట్టుకుని, తాడు చేత్తో పట్టుకుని గేటు వైపు నడిచాడు. ఆయన ఖాకీ బట్టల్లో ఉన్నాడు, నడుముకు బెల్టు, దానికి కటింగ్ ప్లేయరు. కుక్క ఆయన్ను కింది నుంచి పైదాకా చూసింది. లైను మీదకు పోతున్నారనుకుంది. ఒళ్లంతా విదుల్చుకుని, ఆయన కంటే ముందు గేటు దాటి, వెనక్కి తిరిగి, రమ్మన్నట్టు చూసింది. లారీ వైపు కాదు, అడవి దారి వైపు నిలబడింది.

మా ఆయన అక్కడే ఆగిపోయాడు. తాడు లాగలేదు, నడవలేదు.

నేను పిల్లతో బయటికి వచ్చాను. వీధిలో మనుషులున్నారు, డ్రైవరు ఉన్నాడు. కోడళ్లు మొగుడితో నలుగురిలో గొంతెత్తే రోజులు కావవి. అయినా నాకు నోరు ఆగలేదు.

“దాన్ని పంపితే నన్ను కూడా పంపండి” అన్నాను.

“ఏందే, గట్ల మాట్లాడుతవ్?”

“ఎట్ల మాట్లాడాలె? అది చేసిన తప్పేంది? రోజూ కారం ముద్ద తినిపించి, పిల్లను చూపించినం. నోరు కాలినందుకు గుర్రుమన్నది. మీరు చివరి ముద్ద మానేసిన్రు, అందుకు గుర్రుమన్నది. మోకాలి మీద తల పెడితే తన్నిన్రు, అందుకు గుర్రుమన్నది. మీరు ఇంటికి రాంగనే ఉయ్యాల కాడికే పోతరు. వాకిట్ల నిలబడ్డ కుక్కను చూడరు. పొయ్యి కాడ నిలబడ్డ నన్నూ చూడరు. పిల్ల పాలు తాగిందా, పిల్ల పన్నదా, పిల్ల దగ్గిందా. నేను తిన్ననా పన్ననా అని నేనొచ్చినకాడికెల్లి ఒక్కనాడన్న అడిగిన్రా? దానికీ నాకూ ఒక్కటే తేడా. అది గుర్రుమన్నది, నేను అనలేదు.”

అంత మాట నా నోట్లోంచి వస్తుందని నేనే అనుకోలేదు. కుక్క గురించి మొదలుపెట్టి ఎక్కడికో పోయాను. పక్కింటామె ఎప్పుడు వచ్చిందో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈసారి సవతి మాట ఎత్తలేదు. మా ఆయన నా వైపు చూసి, కుక్క వైపు చూసి, తల దించుకున్నాడు. కాసేపటికి డ్రైవర్ దగ్గరికి వెళ్లి, భుజం మీద చెయ్యి వేసి, “నువ్వు పో అన్నా, మల్ల జూద్దాం” అన్నాడు. డ్రైవరు బీడీ పారేసి, “గీ కుక్క కోసం నన్ను అరగంట నిలబెట్టిన్రు” అని గొణుక్కుంటూ లారీ ఎక్కాడు.

మా ఆయన అడవి దారి పట్టాడు, ముందు కుక్క. ఆ రోజు ఏ లైనూ తెగలేదు. ఊరికే పోయి, చాలాసేపటికి వచ్చారు.

మా అత్తమ్మ ఆదివారం తిరిగి వచ్చి, కుక్క వాకిట్లోనే ఉండడం చూసి ఒంటికాలి మీద లేచింది. నేను కారం సంగతి చెప్తే మొదట నమ్మలేదు. “మా ఇంట్ల ఎన్ని కుక్కలు తినలేదు దిష్టి ముద్ద?” అంది. “ఆ కుక్కలు పిల్లలను చూసి తోక ఊపేవా అత్తమ్మా?” అని అడిగాను. ఆమె వాకిట్లో కుక్క వైపు చూసి, “ఏమో బిడ్డా, వాటి మొకాలు ఎవలు చూసిన్రు. నేను పిల్లల మొకాలే చూసుకుంట ఉన్న” అంది. నాకు ఆమె మీద ఉన్న కోపం అక్కడితో పోయింది. ఆ సాయంత్రం నుంచి మిరపకాయలు పొయ్యిలోకే పోయాయి. ఇల్లంతా దగ్గేవాళ్లం. బాగా దగ్గు వస్తే దిష్టి పోయినట్టని ఆమెకు ఇంకో లెక్క ఉంది కాబట్టి, దగ్గి దగ్గి సంతోషించేది.

కుక్కకు పిల్ల మీద ప్రేమ పుట్టుకొచ్చిందని చెప్తే అబద్ధం అవుతుంది. చాలా రోజులు పిల్ల కనబడితే లేచి దూరంగా పోయి, వీపు మా వైపు పెట్టి పడుకునేది. నేనూ పిల్లను దాని పక్కన ఒంటరిగా ఎప్పుడూ వదల్లేదు. పిల్ల చేతిలో ముద్ద పెట్టించి, నా చెయ్యి కింద పెట్టి, మెల్లగా వేయించేదాన్ని. గుర్రు తగ్గుతూ తగ్గుతూ, ఎప్పుడు ఆగిందో నాకే తెలియకుండా ఆగింది. చివరి ముద్ద తిరిగి వచ్చింది. మా అత్తమ్మ చూసీ చూడనట్టు మొహం తిప్పుకునేది.

మా ఆయన కూడా నేర్చుకున్నాడు. పైకి ఏమీ చెప్పలేదు, మగవాళ్లు చెప్పరు కదా. సైకిల్ స్టాండు వేసి, ముందు కుక్క తల నిమిరేవాడు. తర్వాత వంటింటి గడపలోకి వచ్చి నిలబడి, ఏదో డ్యూటీ చేస్తున్నట్టు, “తిన్నవా?” అని అడిగేవాడు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత తర్వాత ఆ మాట కోసం ఎదురుచూసేదాన్ని.

ఒక రోజు అలాగే అడిగాడు. తినలేదని చెప్పాను. ఎందుకు తినలేదో చెప్పడం మొదలుపెట్టాను. పొద్దున కట్టెలు తడిసిన దగ్గర నుంచి, మధ్యాహ్నం పాలు విరిగిన దాకా ఒక్కొక్కటే చెప్పుకొస్తున్నాను. ఆయన గడపకు ఆనుకుని నిజంగానే వింటున్నాడు. ఆ సంతోషంలో నాకు చుట్టూ ఏమీ పట్టలేదు. ఉయ్యాల్లో పిల్ల లేచింది. నాన్న గొంతు వినబడుతోంది, నాన్న రావడం లేదు. కాసేపు ఊ ఊ అంది, తర్వాత గుక్క పట్టి ఏడ్చింది. నేను ఇంకా పాల సంగతి దగ్గరే ఉన్నాను.

కుక్క వాకిట్లో నుంచి లేచి గడప దాకా వచ్చింది. ఉయ్యాల వైపు చూసింది. మా ఇద్దరి వైపు చూసింది. మేము కదలకపోయేసరికి, గొంతెత్తి మమ్మల్ని చూసి మొరిగింది. ఆ పిల్ల ఏడుస్తుంటే అది ఊరుకోలేకపోవడం అదే మొదటిసారి.